మన పనిముట్లకు మన పెట్టె

 

మన పాట గురించి, మన ఆట గురించి ఇంతవరకు చాలామంది బాగా మాట్లాడారు. మేము ఒక చెక్కపెట్టె గురించి చెబుతాం. మా వసతిగృహంలో పెద్ద తరగతుల ఆడపిల్లలూ మేమూ కలిసి, ఊళ్ళో వడ్రంగి మేస్త్రి దగ్గర నేర్చుకుంటూ చేసిన పనిముట్ల పెట్టె అది.

ఇంత చిన్న పెట్టె గురించి సభలో చెప్పాలా అనిపించవచ్చు. మన యానాది పెద్దలకు తవ్వుగోల ఉండేది, ఎలుక బొరియలోకి పొగ ఊదే కుండ ఉండేది, వల ఉండేది. అన్నీ సొంతవే. ఇప్పుడు రొయ్యల చెరువు దగ్గరా, ఇటుక బట్టీ దగ్గరా మనవాళ్ళు పట్టే పార వేరొకరిది. పొద్దుగూకితే దాన్ని అప్పజెప్పి ఉత్త చేతులతో ఇంటికొస్తారు. పనిముట్టు ఎవరిదో, కూలి ఎంతో చెప్పేదీ వాళ్ళే. అందుకే పనిముట్టు మనదై ఉండాలి, అది పదికాలాలు నిలవాలి. నిలవాలంటే పెట్టె కావాలి.

సముద్రం పక్కన ఉండేవాళ్ళం. ఉప్పుగాలికి ఉలి, రంపం నెల తిరక్కుండానే తుప్పు పడతాయి. గోనెసంచిలో పడేస్తే పదును పోతుంది.

మేము వేప పలకలు తీసుకున్నాం. వేప చేదుకు పురుగు తొందరగా పట్టదు, మన దగ్గర దొరుకుతుంది. కోయించిన పలకల్ని నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి, గాలికి బాగా ఆరనిచ్చాం. పెట్టె పొడవు 30 అంగుళాలు, వెడల్పు 14, ఎత్తు 12. ఈ కొలతలు చెప్పింది రంపమే. అది వంగకుండా పడుకోవాలి కదా! మూలల్లో మేకులు కొట్టలేదు. రెండు పలకల అంచులకూ పళ్ళు కోసి ఒకదానిలో ఒకటి కూర్చి, వడ్రంగి జిగురు పెట్టాం. అడుగున రెండు తుమ్మ దుంగలు బిగించాం, నేల చెమ్మ పలకకు ఎక్కకుండా.

మూత బిగించింది మే నెలలో. పిల్లలు సందు లేకుండా అతికినట్టు కూర్చోబెట్టాలని చూశారు. మేస్త్రి ఆపాడు. "అంత బిగుతుగా పెట్టబాకండమ్మా, కార్తీకంలో మూత రాదు" అన్నాడు. మన నెల్లూరుకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ చెమ్మకు పలక వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. అందుకని రూపాయి బిళ్ళ మందం సందు వదిలాం. ఏ వస్తువు చేసినా మన ఊరి వానల్ని లెక్కలో వేసుకోవాలని పిల్లలకు అప్పుడు తెలిసింది.

బందులు, స్క్రూలు ఇత్తడివి పెట్టాం. ఇత్తడి మెత్తన, బలంగా తిప్పితే తల తెగుతుంది. ముందు అదే సైజు ఇనుప స్క్రూ తిప్పి దారి చేసుకుని, దాన్ని తీసేసి ఇత్తడిది ఎక్కించాలి. కాస్త సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది.

ఇక నునుపు పని. పెట్టె నిలబడగానే చాలామందికి ఓపిక అయిపోతుంది. అసలు పని అక్కడే ఉంది. గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి, 120, తర్వాత 220తో చెక్క నార వెంబడే రుద్దాం. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, నూనె రాశాక బయటపడతాయి. అవిసె నూనె పలచగా రాసి, మిగిలింది తుడిచి, బాగా ఆరాక మళ్ళీ రాశాం. అలా మూడు పూతలు. ఒక జాగ్రత్త మరిచిపోవద్దు: ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టాలి. పెట్టె లోపల నూనె వాసన నిలవకుండా, స్పిరిట్టులో కరిగించిన లక్క పూశాం.

చివర మూత లోపల పిల్లలు తమ పేర్లు ఉలితో చెక్కారు. 1952లో దేశమంతటా రద్దయిన నేరస్థ తెగల చట్టం కింద మన యానాదులనూ చేర్చారని మీకు తెలుసు. వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివారు దాని మీద పోరాడారు. ఆ రోజుల్లో మనవాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టరులో రాసేవారు. ఈ పిల్లల పేర్లు వాళ్ళు చేసిన వస్తువు మీద ఉన్నాయి.

మన జిల్లాలోనే ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ ఆడవాళ్ళు కూడా చెక్క చెక్కుతారు. కాబట్టి ఇది మగవాళ్ళ పని అని ఎవరన్నా అంటే ఉదయగిరి చూపించండి.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగం, పడవల తయారీ, చేపల వలల తయారీ అందులోవే. ఆ పని సొంతంగా చేతులతో చేస్తూ ఉండాలి, 18 ఏళ్ళు నిండాలి, కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000 వరకు ఇస్తారు. హామీ లేకుండా మొదట లక్ష వరకు, తర్వాత రెండు లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఉంది. మీ ఇంట్లో వల అల్లే నాన్నో, తాతో ఉంటే ఈ మాట చెప్పండి. ఆధార్, బ్యాంకు ఖాతా లేకపోతే ముందు అవి చేయించండి. చదువుకున్నవాళ్ళు మీరే దగ్గరుండి చేయించాలి.

వేసవి సెలవుల్లో వారం రోజులు ఖాళీ చేసుకుని మీ ఊరి మేస్త్రి దగ్గరికి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. మొదట ఒక ఉలి కొనుక్కోండి, సాన పట్టడం నేర్చుకోండి. పెట్టె చేసే రోజు వస్తే మా వసతిగృహానికి రండి. మా పిల్లలు కొలతలు ఇస్తారు, పళ్ళు ఎలా కోయాలో పక్కన కూర్చుని చూపిస్తారు.

సెలవు.