చిత్రమును కోరువారి ధర్మము



ధవళేశ్వరమున సమావేశమైన ఈ పద్మశాలి వార్షికసభలో చిత్రకళను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా సంఘమువారు మమ్ము కోరినారు. మేము కుంచె పట్టి యెరుగము. పిల్లలకు శబ్దమంజరి చెప్పుచు ముదిసినవారము. అయినను బట్ట నేసిన కులమునకు ఆ బట్టపై వ్రాసిన బొమ్మతో సంబంధము లేకపోదు గదా!

చిత్రము చిత్రకారుని చేతిలోనే పుట్టును. కాని యది యే రూపున బుట్టవలెనో నిర్ణయించుటలో కోరినవానికిని పాలు గలదు. ఈ సంగతి మన పూర్వు లెరిగినదే. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము గృహములయందు శృంగార హాస్య శాంతరసములను మాత్రమే వ్రాయవలెననియు, దేవాలయములందును రాజసభలందును సర్వరసములును తగుననియు విధించినది. చూచువారెవరో, చూచుచోటెట్టిదో తెలిసిన పిమ్మటనే కుంచె కదలవలెనని దీని తాత్పర్యము.

మన తీరమునందలి కలంకారీయే దీనికి నిదర్శనము. శ్రీకాళహస్తిలో దేవాలయముల తెరలపై రామాయణాది కథలను వ్రాసి, తెలుగున వివరణము చేర్చిరి. ఆ తెరను చూచువాడు కథ నెరిగిన భక్తుడు. మచిలీపట్టణమున పారసీక వర్తకులు కొను బట్టలపై దేవతామూర్తులకు మారుగా లతలును, పుష్పములును, కమానులును వెలసినవి. 1643లో లండనులోని ఈస్టిండియా కంపెనీవారు సూరత్తులోని తమ యుద్యోగులకు వ్రాయుచు, అడుగురంగు ఎఱుపైన దుప్పట్లు తమ దేశమున అంతగా రుచించుటలేదనియు, ఇకమీదట తెలుపు ఎక్కువగా నుండవలెననియు తెలిపిరి. కొనువాని కన్ను సముద్రమునకు ఆవల నున్నను, ఈవలి చేతిని నడిపినది.

ఇది మన గోదావరిసీమకును క్రొత్త గాదు. పాలకొల్లు, ద్రాక్షారామములలో డచ్చివారికిని, నరసాపురము చెంత మాధవాయపాలెమున ఇంగ్లీషువారికిని వర్తకశాలలుండెను. ఆ మాధవాయపాలెము పేరే ‘మడపొల్లం’ అను బట్టకు పేరై ఐరోపాలో చెల్లినది. అయితే 1721 నాటి శాసనము ఇంగ్లండులో అద్దకపు నూలుబట్టల వాడుకను చాలవఱకు నిషేధించినది. దూరపు కొనుగోలుదారు ధనమిచ్చును, నిజమే. కాని యతని రుచి మారినను, అతని దేశపు చట్టము మారినను మన చేతిపని కూలబడును.

ఇక దగ్గరి కొనుగోలుదారును చూతము. తెలంగాణమున, నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు కులపురాణముల పటములు వ్రాయుదురు. మన మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను పద్మశాలీల యెదుట చెప్పువారు కూనపులివారు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు కథ చెప్పుదురు. పటమును కోరి వ్రాయించుకొనువారు వీరే. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, బంక కలిపి పూతపూసి, ఎఱ్ఱని అడుగురంగుపై కథను వరుసగా వ్రాయుదురు. వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 40, 50 అడుగులు. అంత పొడవేల? రాత్రి తరువాత రాత్రి కథ సాగవలెను గనుక. రేఖ లంత స్ఫుటముగా నుండుటేల? దీపపు వెలుగున దూరముగా కూర్చున్న ముదుసలికిని ఆకృతి తెలియవలెను గనుక. లండను వర్తకులు వలదన్న ఎఱుపే యిచట శోభించినది. కోరినవాడు వేరు, కావలసిన పని వేరు.

నేడు కథ వినువారు తగ్గిరి. కావున ఆ చిత్రకారులు గోడకు వ్రేలాడదీయు చిన్న పటములును, ముఖపు తొడుగులును చేసి పొట్టపోసికొనుచున్నారు. వారిని నిందింపరాదు. చిన్నగోడ కొనువాడు చిన్నబొమ్మనే అడుగును. అడిగినదే వారు వ్రాయుదురు. ఏబది అడుగుల కథను అడుగువాడు లేనప్పుడు దానిని వ్రాయగల చేయి కొడుకులకు సంక్రమింపదు. ఇచట నష్టపోవునది చిత్రకారుడొక్కడే కాదు; తామరతూడుల నారతో వస్త్రము నేసిన భావనాఋషి వృత్తాంతము మన బిడ్డలకు కానరాకపోవును.

“కోరువాడు శాసించిన చిత్రకారుడు బంటు గాడా?” అని కొంద రడుగవచ్చును. కథను కోరుట వేరు, కుంచెను పట్టుకొనుట వేరు. కూనపులివారు కథాక్రమమును చెప్పిరి; గుఱ్ఱపు మెడవంపును, చీర యంచును చిత్రకారుడు తానే నిర్ణయించుకొనెను. అట్టి కోరిక అతనికి సంకెల కాదు, చోటు.

కావున సంఘమున కొక మనవి. సభాభవనమునకు అచ్చుబొమ్మలు కొనుటకు మారుగా మార్కండేయ పురాణపు పూర్తి పట మొకటి వ్రాయింపుడు. నెలలపాటు సాగు పనికి తగిన వెల ముందుగానే యిండు. అది వచ్చినపిమ్మట దానిని అద్దములో బంధింపకుడు. కూనపులివారిని పిలిపించి, పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టి కథ చెప్పింపుడు. నేతగాని చేతిగుడ్డకు ఆదరము కోరుచున్న మనము, ఆ గుడ్డపై వ్రాయు చేతికి ఆదరము చూపుట మన ధర్మము.

శుభం భూయాత్.