పులిరాజాకు అరవై ఏళ్ళు వస్తే

సాహితీవేత్తలూ వైద్యులూ ఒకే పందిట్లో కూర్చున్న సభ ఇది. వత్సవాయి వారి సంస్థానంతోనూ, పట్టుబట్టలతోనూ, ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతరతోనూ గుర్తుండవలసిన పెద్దాపురం పేరును, వేశ్యావృత్తినే తలుచుకుని కన్నుగీటుతూ పలికే అలవాటు మనవాళ్ళలో చాలాకాలం సాగింది. హెచ్ఐవీ వచ్చాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ ‘ఆవాహన్’ కార్యక్రమం మొదలుపెట్టాక, రాజమండ్రి కేంద్రంగా కేర్ సంస్థ ‘సక్షమ్’ పేరుతో సెక్స్ వర్కర్ల సంఘాలతో కలిసి పనిచేసింది. నివారణలో ఆ స్త్రీలు చేసిన పని చిన్నది కాదు. కానీ చూపంతా వాళ్ళమీదే నిలవడం వల్ల, గడప దాటని ఇల్లాళ్ళకు మొగుళ్ళ నుంచి వచ్చిన జబ్బు లెక్కలోకి రావడానికి చాలాకాలం పట్టింది. ఇవాళ దేశంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్ళలో సుమారు 45 శాతం స్త్రీలు. కనుక నేను మాట్లాడబోయేది ఒక ఊరి గురించీ కాదు, ఒక వృత్తి గురించీ కాదు. వైరస్‌తో పాతికేళ్ళు బతికి, ఇప్పుడు ముసలితనం గడప తొక్కుతున్న మామూలు మనుషుల గురించి.

ఇరవై ఏళ్ళ కిందట మన రాష్ట్రంలో ఏ కూడలిలో చూసినా ఎయిడ్స్ ప్రచార హోర్డింగు మీద ఒకటే ప్రశ్న కనిపించేది: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ప్రచారంగా దాని తెలివిని కాదనను. జనం నవ్వుకున్నారు, చర్చించుకున్నారు, మర్చిపోలేదు. అయితే వస్తే ఏమవుతుందన్నది ఆ ప్రశ్నలో లేదు. అడగవలసిన అవసరమే లేదన్నట్టుండేది, జవాబు అందరికీ తెలిసిందే గనక. మన కథలూ సినిమాలూ కూడా ఆ జవాబునే పట్టుకున్నాయి. రక్తపరీక్ష, ఏడుపు, వెలి, చావు. ఇప్పుడా పులిరాజాకు జబ్బు నిజంగానే వచ్చి, వేళకు మందులు అందాయనుకోండి. ఆయనకు అరవై దగ్గరపడి ఉంటాయి. వైరస్ అణిగే ఉంటుంది. బీపీ ఉంటుంది, షుగర్ ఉంటుంది, మోకాళ్ళు నొప్పి పెడుతుంటాయి. ఆయన్ని చావు నుంచి తప్పించడానికి కట్టిన వ్యవస్థ, ఆయన ముసలితనాన్ని చూసుకోవడానికి ఇంకా సిద్ధం కాలేదన్నదే నా వాదం. రక్తంలో వైరస్ లెక్క, అంటే వైరల్ లోడ్, కనిపించడం లేదన్న ఒక్క కాగితంతో మన బాధ్యత తీరిపోదు.

సాధించినదాన్ని ముందు ఒప్పుకోవాలి. 1986లో చెన్నైలో సునీతి సోలమన్, నిర్మల గార్ల పరిశోధనతో దేశంలో వైరస్ బయటపడింది. 1996లో మూడు మందుల చికిత్స వచ్చినా దాని ఖరీదు మన రోగికి అందనంత ఎత్తున ఉండేది. 2001లో సిప్లా మూడు మందుల కలయికను రోజుకు ఒక డాలరు కన్నా తక్కువకు ఇస్తానన్నాక ప్రపంచంలో లెక్కలు మారిపోయాయి. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత చికిత్స మొదలైంది. 2017 నుంచి రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 కణాల లెక్క ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెట్టాలన్నది దేశ విధానం. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3 లక్షల 20 వేలమంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. వయోజనుల్లో దేశ సగటు 0.21 శాతమైతే మనది 0.67. ఇంతమంది ఉన్నారంటే దానికి రెండర్థాలున్నాయి. ఒకప్పుడు జబ్బు విస్తరించింది. తరవాత మందు మనుషుల్ని నిలబెట్టింది. చికిత్స బాగున్నకొద్దీ ఈ అంకె పెద్దగానే ఉంటుంది, అందులోని వాళ్ళ వయసూ పెరుగుతుంది.

బతికిన ఏళ్ళూ ఆరోగ్యంగా బతికిన ఏళ్ళూ ఒకటి కావని చెప్పడానికి అమెరికాలో కైసర్ పర్మనెంటే సభ్యులమీద జరిగిన అధ్యయనం గట్టి ఆధారం. 2000 నుంచి 2016 వరకు సుమారు 39 వేలమంది హెచ్ఐవీ ఉన్నవాళ్ళను, వాళ్ళకు పదింతల మంది లేనివాళ్ళతో పోల్చి చూశారు. తొందరగా మందు మొదలుపెట్టినవాళ్ళ ఆయుర్దాయం మిగతావాళ్ళతో దాదాపు సమానమైంది. కానీ గుండె, కిడ్నీ, కాలేయం, ఊపిరితిత్తుల జబ్బులు, షుగర్, క్యాన్సర్ ఏవీ లేకుండా గడిపిన కాలం చూస్తే హెచ్ఐవీ ఉన్నవాళ్ళు మొత్తంమీద 16 ఏళ్ళు వెనకబడ్డారు. త్వరగా మందు మొదలైనవాళ్ళలో ఆ తేడా తగ్గింది గాని పోలేదు. బీమా ఉండి, పెద్ద ఆసుపత్రి అందుబాటులో ఉన్నవాళ్ళ సంగతే ఇలా ఉంటే, ఆలస్యంగా వచ్చి పాత మందులతో మొదలుపెట్టిన మనవాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

ఆ ఆలస్యానికి తెలుగు నేలమీదే ఆధారముంది. ఒకప్పటి అనంతపురం జిల్లా బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి రోగులతో ‘విసెంటె ఫెర్రర్ హెచ్ఐవీ కోహోర్ట్’ పేరుతో సాగిన పరిశీలన, మనవాళ్ళలో ఎంతోమంది సీడీ4 బాగా పడిపోయాకే ఆసుపత్రికి చేరారనీ, చేరినవాళ్ళలో కొందరు మధ్యలో కనపడకుండా పోయారనీ రికార్డు చేసింది. ఒకసారి అడుగంటిన రోగనిరోధక శక్తి మందులతో కోలుకున్నా, శరీరంలో సన్నని వాపు సెగలా రాజుకుంటూనే ఉంటుంది. గుండెజబ్బు ముప్పు సుమారు రెండింతలు కావడానికి అదొక కారణం. మందులు చేసిన చేటు కూడా తక్కువేమీ కాదు. తొలినాళ్ళ స్టావుడిన్ చెంపల్లో కొవ్వు కరిగించి ముఖాలను గుంటలు చేసింది, కాళ్ళలో తిమ్మిర్లు మిగిల్చింది. దాచుకున్న జబ్బును ముఖమే చాటేసింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మానెయ్యమంది. జిడోవుడిన్ కొందరికి రక్తం తగ్గించింది. టెనోఫోవిర్ వాడేవాళ్ళ కిడ్నీలనూ ఎముకలనూ కనిపెట్టుకుని ఉండాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఇలా మాట్లాడితే జనం భయపడి మందు మానేస్తారు కదా అని. న్యాయమైన భయమే. అందుకే 2006లో వెలువడిన ‘స్మార్ట్’ ప్రయోగ ఫలితాన్ని పక్కనే చెప్పాలి. 33 దేశాల్లో 5,472 మందితో జరిగిన ఆ ప్రయోగంలో, విషప్రభావం తగ్గుతుందేమోనన్న ఆశతో కొందరికి మధ్యమధ్య మందు ఆపి చూశారు. ఆపినవాళ్ళలోనే చావులు పెరిగాయి; గుండె, కిడ్నీ, కాలేయపు జబ్బులు కూడా ఎక్కువయ్యాయి. అంటే మందు కన్నా మందు వెయ్యని వైరసే గుండెకు ఎక్కువ చేటు. మందు వేసుకోవలసిందే, దానితోపాటు మిగతా శరీరాన్నీ చూసుకోవలసిందే. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగితే రోగి అర్థం చేసుకుంటాడు. ఆయన్ని పసివాడిలా చూసి సగమే చెప్పడం నాకు నచ్చదు.

షుగరూ బీపీ అందరికీ వస్తున్నాయి, వీళ్ళకు ప్రత్యేకమేమిటన్నది రెండో అభ్యంతరం. నిజమే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 11.4 శాతం మందికి షుగర్, 35.5 శాతానికి బీపీ ఉన్నాయని తేల్చింది. మూడుపూటలా అన్నం తినే మన గోదావరి డెల్టాలో దీనికి మినహాయింపు ఉంటుందనుకోను. కానీ సంగతంతా ఆ జబ్బులు హెచ్ఐవీతో కలిసేచోట ఉంది. ఇవాళ హెచ్ఐవీ మందులిచ్చే మన ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువమందికి ఇస్తున్న మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంది. మంచి మందు, వైరస్‌ను త్వరగా అణుస్తుంది. అయితే అది షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్‌ను రక్తంలో బాగా పెంచేస్తుంది. అందుకే రెండూ కలిసినప్పుడు మెట్‌ఫార్మిన్ రోజుకు 1,000 మిల్లీగ్రాములు దాటకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలను డోలుటెగ్రావిర్‌తో కలిపి పరగడుపున వేసుకున్నా, అసిడిటీకి తాగే యాంటాసిడ్‌ను దానితో కలిపి ఎప్పుడు తీసుకున్నా అసలు మందే ఒంటికి సరిగ్గా పట్టదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రెండుపూటలా వెయ్యాలి. పాజిటివ్ అన్న సంగతి వీధి చివర ఆరెంపీ డాక్టరుకు చెప్పుకోలేని మనిషి, ఆయన రాసిన షుగర్ బిళ్ళలు తెచ్చుకుని వేసుకుంటాడు. తప్పు ఎవరిది? ఆరెంపీకి తెలియదు, ఏఆర్‌టీ సెంటరుకూ తెలియదు, రోగికి చెప్పే ధైర్యం లేదు. వెలి అన్నది మనసుకు తగిలే దెబ్బ మాత్రమే అనుకుంటాం గాని, అది రక్తంలో మందు మోతాదును మారుస్తుంది.

దీని పక్కనే చెప్పవలసింది ఒకటుంది. కొత్త మందుతో కొందరికి బరువు పెరుగుతుంది. ఒకప్పుడు ఈ జబ్బంటే చిక్కి శల్యమవడం. కాబట్టి మనిషి ఒళ్ళు చేస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు, సెంటరులోని కౌన్సెలరు కూడా మెచ్చుకుంటారు. ఆ సంతోషం మధ్య నడుం చుట్టుకొలత తీసేవాళ్ళుండరు.

స్త్రీల విషయం మరీ నిర్లక్ష్యంలో ఉంది. హెచ్ఐవీ ఉన్న స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. ముందే పట్టుకుంటే తేలిగ్గా నయమయ్యే జబ్బు ఇది. మందులకోసం ఆమె క్రమం తప్పకుండా ఆసుపత్రికి వస్తూనే ఉంటుంది, పరీక్ష మాత్రం మరో విభాగంలో, మరో రోజున, మరో క్యూలో. కూలి మానుకుని రెండోసారి రాదు. భర్త పోయాక అత్తవారింట నిలవనీడలేక పుట్టింటికి చేరినవాళ్ళకు 2024 నుంచి 4,000 రూపాయలైన ఏఆర్‌టీ పింఛను పెద్ద ఆసరా. దాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ పింఛను పరీక్షకు బదులు కాదు.

డబ్బు సంగతి ఎత్తేవాళ్ళున్నారు. ఇంకా పరీక్షే చేయించుకోనివాళ్ళు ఉండగా, మందు వాడుతున్నవాళ్ళ కొలెస్ట్రాల్ గురించి ఆలోచించడం విలాసం కాదా అంటారు. కాదంటాను. బీపీ చూసే యంత్రం, చక్కెర పరీక్ష పట్టీలు, కిడ్నీల తీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఖరీదైనవి కావు. పక్షవాతం వచ్చాక మంచాన పడ్డ మనిషే ఖరీదు. 2023లో ఫలితాలు వచ్చిన ‘రిప్రీవ్’ ప్రయోగం మన దేశంతో సహా 12 దేశాల్లో 7,769 మందితో జరిగింది. గుండె ముప్పు పెద్దగా లేదనుకున్న హెచ్ఐవీ రోగులకు కొలెస్ట్రాల్ తగ్గించే పిటావాస్టాటిన్ ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. రోజుకొక మాత్ర. ఇంతకంటే చవకైన రక్షణ వైద్యంలో అరుదు.

అన్నిటిలోకీ బరువైన అభ్యంతరం గోప్యత. ఏఆర్‌టీ సెంటరు వేరుగా ఉండబట్టే రోగి ధైర్యంగా వస్తున్నాడు, దాన్ని మామూలు ఓపీలో కలిపేస్తే రాడు అంటారు. ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. తెలిసినవాళ్ళు కనపడతారని దగ్గరి సెంటరు వదిలి పక్క జిల్లాకు పోయేవాళ్ళు ఉన్న సమాజంలో దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. అందుకే రోగిని షుగర్ ఓపీకి పంపడం కాకుండా, షుగర్ వైద్యాన్ని ఏఆర్‌టీ గదిలోకి తేవాలంటున్నాను. అదే నర్సు బీపీ చూడాలి, అదే రక్తంలో చక్కెరా క్రియాటినినూ చూడాలి, అదేరోజు స్త్రీలకు క్యాన్సర్ పరీక్ష జరగాలి. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి సంగతి బయటపెట్టడాన్ని నిషేధిస్తూనే, వైద్యానికి అవసరమైనప్పుడు ఒక వైద్యుడు మరో వైద్యుడికి చెప్పే వీలు ఉంచింది. ఆ వీలును వాడుకోవడానికి మన ఆసుపత్రుల్లో పద్ధతి ఏర్పడలేదు, అంతే.

పుట్టుకతోనే వైరస్ వచ్చిన పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళవాళ్ళవుతున్నారు. చిన్నప్పటి నుంచీ మందు మింగుతూ పెరిగినవాళ్ళు. వాళ్ళ ఎముకలు, కిడ్నీలు యాభయ్యో ఏట ఎలా ఉంటాయో చెప్పడానికి ముందు తరమంటూ లేదు, వాళ్ళే మొదటి తరం. వాళ్ళను వరుసగా పరిశీలించే రిజిస్టరు కాకినాడ రంగరాయ వైద్య కళాశాల వంటిచోట మొదలుపెట్టవచ్చునని నా సూచన. రచయితలకు ఇందులో పని లేదనుకోవద్దు. డోలుటెగ్రావిర్ వేసుకునేవాళ్ళు ఏ మందుతో జాగ్రత్త పడాలో, మాత్ర పేరు తప్ప జబ్బు పేరు లేకుండా, జేబులో పట్టే చీటీమీద చక్కని తెలుగులో రాసిపెట్టగలిగేది వాళ్ళే. మధ్యాహ్నం సమావేశంలో వైద్యులూ రచయితలూ కలిసి కూర్చుని ఆ చీటీ ముసాయిదా తయారు చెయ్యాలని కోరుతూ, మొదటి పత్రాన్ని సమర్పించవలసిన వక్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.