గ్రామ రక్షణమున పెద్దల కర్తవ్యము



నేను ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. దొంగల బారినుండి గ్రామములను కాపాడుకొనుటను గూర్చి ప్రసంగింపుడని నన్ను కోరినప్పుడు, ఇది పోలీసువారు చెప్పదగిన విషయము కదా యని మొదట సంకోచించితిని. కాని మోసపోయినవాని మాట మోసపోయినవాడే చెప్పవలయును. నేనట్టివాడను గనుక అంగీకరించితిని.

పూర్వము మన గ్రామములందు తలారి యుండెడివాడు. 1812వ సంవత్సరమున ఆంగ్లేయుల పార్లమెంటునకు సమర్పింపబడిన అయిదవ నివేదికలో అతని విధులు వర్ణింపబడినవి. నేరములను గూర్చిన వార్తలు తెలిసికొనుట, ఊరినుండి ఊరికి పోవు బాటసారులకు తోడు నడచి కాపాడుట అతని పనులు. వార్త తెలిసికొనుటయే మొదట చెప్పబడుట గమనింపదగినది. 1859లో చెన్నపురి రాజధానియందు పోలీసు చట్టము వచ్చినది. నిజాము రాజ్యమున పోలీసు పటేలు ఉండెడివాడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యముగా వచ్చుచున్న గ్రామాధికారుల పదవులను తొలగించెను. పదవులు పోయినవి గాని పని పోలేదు. కీడు జరిగినంతనే ఆ వార్తను చేరవలసిన చోటికి చేర్చుట నేడు మన యందరి పని.

నాటి దొంగ గోడకు కన్నము వేసెడివాడు. కుక్క మొరిగెడిది, ఇరుగుపొరుగు మేల్కొనెడివారు. నేటి దొంగ మన చేతిలోని ఫోనునుండి వచ్చును. వానిని చూచి ఏ కుక్కయు మొరగదు.

పింఛనుదారులము జీవన ప్రమాణపత్రము నిచ్చు దినములలో నొకనాడు నాకు ఫోను వచ్చెను. అవతలివాడు మిక్కిలి వినయముగా, "మాస్టారూ, మీ పత్రము ఇంకను చేరలేదండీ. ఈ దినము సరిచేయకున్న పింఛను ఆగిపోవునండీ" యని పలికెను. నా పేరును, నేను చేసిన ఉద్యోగమును తానే చెప్పెను. తరువాత ఫోనునకు వచ్చిన ఆరంకెల ఓటీపీని అడిగెను. సంధులు, సమాసములు చెప్పిన నోటితోనే ఆ యారంకెలను చెప్పితిని. నిమిషములో నా ఖాతానుండి 48,000 రూపాయలు పోయెను.

నేను చేసిన తప్పు అది మాత్రమే కాదు. ఊరిలో తలయెత్తుకొన జాలనని తలచి, ఇంట ఇల్లాలికి సైతము చెప్పక దాచితిని. తొమ్మిదవ దినమున మా వీధిలోని విశ్రాంత తపాలా ఉద్యోగి యొకడు అదే మాటకు లొంగి 1,20,000 రూపాయలు పోగొట్టుకొనెను. అవి మనుమరాలి చదువునకై దాచిన సొమ్ములు. అతడు సిగ్గుపడక వీధిలోనికి వచ్చి కేకవేసెను. పొరుగింటి కుర్రవాడు తత్క్షణమే 1930 సంఖ్యకు ఫోను చేసెను. 70,000 రూపాయలు దారిలోనే ఆగి, కొన్నాళ్లకు తిరిగి దక్కినవి. నావి చిల్లిగవ్వయు రాలేదు. పండితుడనని నేను మౌనము వహింపగా నా సొమ్ము పోయినది. నేను ముందే చెప్పియుండినచో అతని సొమ్మును పోకుండెడిది. ఆ నష్టము ఈనాటికిని నా మనస్సును బాధించుచున్నది.

పిమ్మట సబిన్‌స్పెక్టరుగారు మా ఊరి బడిలో సభ జరిపిరి. "మోసపోయినవారు ఎవరైన కలరా?" యని వారడుగగా ఎవరును పలుకలేదు. నేను లేచి నా కథ చెప్పితిని. ఆపై మరి యైదుగురు లేచిరి. అంతవరకు ఎవరి దుఃఖము వారే దాచుకొనియుండిరి.

ఆనాడు వారు బోధించినదానిని మనవి చేసెదను. దొంగలు మన ధనమును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు వెనువెంటనే మార్చి, తుదకు నగదుగా తీసికొందురు. 1930కు చెప్పినచో ఆ వార్త బ్యాంకులకు పోవును. ధనము ఎచ్చట నిలిచియున్న అచ్చట ఆపుటకు వీలగును. ఆలస్యమైన కొలది ఆశ సన్నగిల్లును. ఓటీపీని ఎవ్వరికిని చెప్పరాదు. ఫోనులో రహస్య సంఖ్య నొక్కవలసినది ధనము పంపునప్పుడే గాని, పుచ్చుకొనునప్పుడు కాదు. "నీకు సొమ్ము పంపెదను, సంఖ్య నొక్కుము" అనువాడు దొంగయే.

మరియొక మోసము కలదు. పోలీసు దుస్తులు ధరించిన యొకడు ఫోను తెరపై కనబడి, "నీవు డిజిటల్ అరెస్టులో నున్నావు, గదినుండి కదలకుము, ఎవరికిని చెప్పకుము" అని బెదరించి ధనము రాబట్టును. మన చట్టములో అట్టి అరెస్టు లేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము అరెస్టు చేయు పోలీసు అధికారి తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలయును. అరెస్టు పత్రము వ్రాసి, దానిపై కుటుంబములోని వారిచే గాని ఊరి పెద్దమనుష్యునిచే గాని సాక్షి సంతకము చేయింపవలయును. అరువదేండ్లు దాటిన పురుషుని, వయోభేదము లేక ఏ స్త్రీని గాని, సాక్ష్యమునకై వారు నివసించు చోటు విడిచి రమ్మని నిర్బంధింపరాదు. ఇంటివారికి చెప్పవలదనునది చట్టము మాట కాదు, దొంగ మాట.

ఇక పెద్దలకు ముఖ్యముగా విన్నవించునది యొకటి. దొంగతనమైనను, ఆడుబిడ్డకు అవమానమైనను, ఊరి పరువు పోవునని రచ్చబండకడనే మాటుమణచు వాడుక మనలో కలదు. దానివలన బాధితునికి న్యాయము లేదు, నేరగానికి భయము లేదు. పై చట్టములోని 173వ విభాగము ప్రకారము, నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను, వారంట్ లేకయే పోలీసులు పట్టుకొనదగిన నేరమును ఏ ఠాణాలోనైనను తెలుపవచ్చును. వ్రాసికొన్న ఫిర్యాదు ప్రతిని రుసుము లేక ఇయ్యవలయును. ఆపద ముంచుకొనివచ్చినప్పుడు 112కు ఫోను చేయవలయును.

కావున మీ ఠాణావారిని ఒకసారి మీ ఊరికి పిలువుడు. పొలము పనులు లేని సాయంకాలము ఏర్పరచి, స్త్రీలను, వృద్ధులను, బడిపిల్లలను గూడ కూర్చుండబెట్టుడు. అధికారి చెప్పుటకు ముందు మీలో మోసపోయిన పెద్ద యెవరైన నున్న లేచి తన సంగతి చెప్పుడు. చెప్పినవాడు చులకన కాడు. అతని మాట విన్న పొరుగువాని ఇల్లు నిలుచును.

సెలవు.