కొత్త క్యాట్‌ఫిష్ కొన్నారా? ముందు పేరు తేల్చండి, తర్వాత పొట్ట చూడండి

నాకు తరచుగా వచ్చే మెసేజ్ ఒకటుంది. "అన్నా, నిన్న క్యాట్‌ఫిష్ తెచ్చాను, అడుగున కదలకుండా పడి ఉంది, బతుకుతుందా?" దీనికి నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. మీరు కొన్నది ఏ క్యాట్‌ఫిష్?

ఎందుకు అడుగుతానంటే, సక్కర్ ఫిష్ పగలంతా గ్లాసుకో రాయికో అతుక్కుని కదలకపోతే అది నార్మల్. కోరిడోరాస్ అయితే అడుగున ఇసుక వాసన చూసుకుంటూ తిరుగుతూనే ఉండాలి, మధ్యలో కాసేపు రెస్ట్ తీసుకుంటుంది. షాపుల్లో 'షార్క్' అని అమ్మేది మాత్రం ఎప్పుడూ ఈదుతూ ఉండే చేప. భయపడితే కాసేపు చచ్చినట్టు పడిపోతుంది, కానీ గంటలు గంటలు అలాగే ఉంటే ప్రాబ్లమ్ ఉన్నట్టే.

ఆ 'షార్క్' సంగతి ముందు చెప్పేస్తా. అది షార్క్ కాదు, పంగేసియస్. మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పంగస్ అని పెంచుతారు కదా, అదే. హోటల్లో బాసా పేరుతో ప్లేట్లోకి వచ్చేది కూడా ఎక్కువగా ఇదే. వేలంత పిల్లగా ఉన్నప్పుడు వెండిలా మెరుస్తుంది, ముచ్చటేస్తుంది. కానీ పెరిగితే మీటరు దాటగలదు. రెండడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం అంటే ఆర్టీసీ బస్సుని బైక్ పార్కింగ్‌లో పెట్టడమే. ఎంత హెల్దీగా ఉన్నా కొనొద్దు, నా మాట వినండి.

ఇక సక్కర్. ఈ ఒక్క పేరు మీద షాపులో రెండు రకాలు దొరకొచ్చు. ఒకటి బ్రిసిల్‌నోస్, 12 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇంకోటి సెయిల్‌ఫిన్, 40 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. పిల్లలుగా రెండూ ఒకేలా కనిపిస్తాయి. బ్రిసిల్‌నోస్ ముక్కు మీద వచ్చే కొమ్మల్లాంటివి చిన్నప్పుడు ఉండవు. అందుకని వీపు మీద రెక్క విప్పినప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేయండి. ముందుండే గట్టి ముల్లు వదిలేసి, మిగిలిన పుల్లలు లెక్కపెట్టండి. 7 దగ్గర ఉంటే బ్రిసిల్‌నోస్ అయ్యే చాన్స్ ఎక్కువ. 10, ఆ పైన ఉంటే అది సెయిల్‌ఫిన్, అక్కడే వదిలేయండి. షాపతను "చిన్నగానే ఉంటది బ్రో" అంటాడు. మీరు మాత్రం లెక్కే నమ్మండి.

దీని గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పెద్దదయ్యాక జనం చేసే పని దాన్ని తీసుకెళ్లి చెరువులో వదిలేయడం. అది సౌత్ అమెరికా చేప. ఇప్పుడు ఆంధ్రా, తెలంగాణ చెరువుల్లో జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఒంటి మీద గట్టి పలకలు, ముళ్లు ఉంటాయి కాబట్టి వలలు చిరుగుతాయి. కొనేవాళ్లు కూడా ఉండరు. మన ట్యాంకులో ప్లేస్ లేకపోతే ఇంకొకరి కూలి పోతుందన్నమాట. చెరువులో మాత్రం వదలకండి ఫ్రెండ్స్, ప్లీజ్.

కోరిడోరాస్ పేర్లు ఇంకో తలనొప్పి. 2024లో సైంటిస్టులు ఆ గ్రూపుని కొన్ని ప్రజాతులుగా విడగొట్టారు, ఎవరో పాత కోడ్ మొత్తం రీఫ్యాక్టర్ చేసినట్టు. మనకి బ్రాంజ్, పెప్పర్డ్, పాండా అని తెలిస్తే చాలు. పక్కల రెండు వరుసల పలకలు, నోటి దగ్గర మీసాలు, ఇదే గుర్తు. కనీసం ఆరు తీసుకోండి, ఒంటరిగా ఉంటే బెదిరిపోతాయి.

సరే, హెల్త్. ఇది షాపులో, డబ్బులు ఇవ్వకముందే చూడాలి. ముందు పొట్ట. సక్కర్ గ్లాసుకి అతుక్కున్నప్పుడు కింద వైపు మొత్తం కనిపిస్తుంది. పొట్ట కొద్దిగా గుండ్రంగా ఉండాలి. లోపలికి గుంటలా పోయి, కళ్లు కూడా లోతుకి పోయి ఉంటే అది చాలా రోజులుగా తిండి లేకుండా ఉంది. "ట్యాంక్ క్లీనర్ కదా, పాచి తిని బతికేస్తది" అనే మాట వల్ల జరిగేది ఇదే. ఇంటికి తెచ్చాక తిండి పెట్టినా చాలాసార్లు కోలుకోదు.

కోరిడోరాస్‌కి మీసాలు చూడండి. మొదలు దాకా అరిగిపోయి, నోరు ఎర్రగా ఉంటే వద్దు. చివర్లు మాత్రమే పోతే శుభ్రమైన నీళ్లు, మెత్తటి ఇసుక ఉంటే మళ్లీ వస్తాయి. పొట్ట కింద ఎర్ర మచ్చలు, ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు, ముడుచుకున్న రెక్కలు ఉంటే ఆ ట్యాంకులో ఏ చేపా కొనకండి. అది పైకి వచ్చి గాలి మింగి కిందకి పోతే కంగారు పడొద్దు, దాని పేగు గాలి నుంచి ఆక్సిజన్ తీసుకోగలదు. పదే పదే వస్తుంటే మాత్రం నీళ్లలో తేడా ఉంది.

పట్టేటప్పుడు వల బదులు కప్పు వాడమనండి, ముళ్లు వలలో చిక్కుకుంటాయి. ఇంట్లో నేరుగా పాత చేపలతో కలపొద్దు. ఒక ప్లాస్టిక్ టబ్, మీ మెయిన్ ట్యాంకులో ముందే నడిపిన స్పాంజ్ ఫిల్టర్, మూడు వారాలు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అడుగుకి మునిగే పెల్లెట్లు లైట్ ఆపాక వేయండి, సక్కర్‌కి కీర ముక్క కూడా.

తెల్ల చుక్కలు కనిపిస్తే సీసాలో ఉన్న మందంతా పోసేయకండి. క్యాట్‌ఫిష్‌లకి కాపర్ ఉన్న మందులు గట్టిగా తగులుతాయి. పైగా ఆ పరాన్నజీవి చేప ఒంట్లో ఉన్నంతసేపు మందు దాన్ని ఏం చేయలేదు, నీళ్లలోకి వచ్చి ఈదేటప్పుడే చస్తుంది. అందుకే చుక్కలు పోయిన మర్నాడే ఆపేస్తే మళ్లీ వస్తుంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ టబ్ నేను ఎలా సెట్ చేస్తానో లైవ్‌గా చూపిస్తా. ఈలోగా ఆ వీపు రెక్క ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి.