గుమ్మటము, కాగితపు కట్ట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



లెక్కలు వ్రాయుట నా వృత్తి. చదువుకొనుట ఈ గ్రంథాలయము పెట్టిన భిక్ష. చదివి తెలిసికొన్న యొక భవనమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

అమెరికాలో మన జిల్లా వంటి విభాగమును కౌంటీ యందురు. మిసిసిపి నదీతీరమందలి సెయింట్ లూయిస్ నగరములో కౌంటీ న్యాయస్థానమునకై 1816లో ఇద్దరు దాతలు స్థలము నొసంగిరి. తొలుత కట్టిన ఇటుకల కచేరి చాలకపోగా 1839లో క్రొత్త నిర్మాణ మారంభమైనది. నాలుగు దిక్కులకు నాలుగు భుజములు, నడుమ వర్తులాకార మంటపము, ముందు గ్రీకు పద్ధతి స్తంభములు. పైన విలియం రంబోల్డు రూపించిన ఇనుప గుమ్మటము 1862 నాటికి పూర్తియైనది.

గుమ్మటమును తలచి మురిసిన మనస్సు మెట్లను తలచి క్రుంగును. చనిపోయినవారి ఆస్తుల పరిష్కారమునకై బానిసలను ఆ మెట్లమీదనే వేలము వేసిరి. మనుష్యుని పేరున కెదురుగా వెల వ్రాసిన కలము నా కలము వంటిదే గదా!

ఆ కచేరిలోనే 1846లో డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హారియెట్ స్వాతంత్ర్యమునకై దావా వేసిరి. బానిసత్వము లేని ప్రాంతములలో నివసించితిమి గనుక స్వతంత్రులమని వారి వాదము. 1847లో ఓడిరి, 1850లో గెలిచిరి. 1852లో రాష్ట్రపు పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. 1857 మార్చిలో దేశపు అత్యున్నత న్యాయస్థానము నల్లజాతివారు పౌరులే కారని పలికెను. అంతర్యుద్ధమునకు దారితీసిన కారణములలో ఆ తీర్పొకటి. ఆ మే నెలలో క్రొత్త యజమాని వారిని విడిపించెను. మరుసటి యేడే స్కాట్ కన్నుమూసెను.

విచారణ జరిగిన గది తరువాతి మార్పులలో పోయినది. దావా కాగితములు మాత్రము నేటికిని భద్రముగా నున్నవి. వానివలననే ఆ దంపతుల మొర మనకు వినవచ్చుచున్నది.

ఒక తప్పు ఒప్పుకొనెదను. చెదలు పట్టినవని పాత చిట్టాల కట్ట నొకటి నేను పారవేసితిని. పిమ్మట ఒక వితంతువు తన భూమి వివరములకై వచ్చినప్పుడు చూపలేక తలవంచుకొంటిని. కావున క్రొత్త భవనమునకు చందాలు వేయు మహాశయులారా, ముందుగా పాత దస్త్రములకు ఒక ఇనుప బీరువా కొనుడని వేడుచు సెలవు తీసికొనుచున్నాను.