సముద్రము దాటు పూస

మన పెద్దపంజాణి నుండి తిరుపతి మీదుగా శ్రీకాళహస్తికి పోవువారికి ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేట తెలిసియే ఉండును. తరతరములుగా గాజుపూసలు చేసిన ఊరు. కరిగిన గాజును ఇనుప గొట్టమునకు పట్టించి, కొక్కెముతో సన్నని గొట్టముగా లాగి, ముక్కలు కోసి, బూడిదతో కలిపి మరల కాల్చుదురు. అప్పుడు గాని అంచులు నునుపెక్కవు. రెండు వేల ఏండ్ల నాడు పుదుచ్చేరి చెంత అరికమేడులో చేసినవి ఇట్టి పూసలే. అవి ఓడలెక్కి ఆగ్నేయాసియా తీరములు చేరినవి.

ఆ పని నేర్చిన ఒకడు, విదేశములో ఆరు నెలలు తన విద్య చూపుటకు పోవుచు, ఆశీర్వచనమునకై మా యొద్దకు వచ్చినాడు. పాస్‌పోర్టు, వీసా, పూసలు పగులకుండ గడ్డి చుట్టుట, బట్టీ తమ్మునికి అప్పగించుట. వారము దినములుగా నిద్ర లేదన్నాడు. వాని బాధ అది కాదు.

"మా నాయన తిథి నేనక్కడ ఉండగా వచ్చును, అయ్యవారూ. సముద్రము దాటుట తప్పా?"

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చెప్పినది. పాఠశాలలో వల్లించినవారము. యౌవనములో ఒకనికి ఆ మాటే చెప్పి పంపినాము. అతడు మరల మా గడప త్రొక్కలేదు. ఈసారి పెట్టె తెరిపించి చూచినాము. ఇట్టి పూసలు రెండు వేల ఏండ్ల క్రిందటనే దాటిన నీటిని వాడు దాటరాదని మేమెట్లు చెప్పగలము? పంచాంగములో తిథి గుర్తుపెట్టి ఇచ్చి, గుప్పెడు నువ్వులు మూటగట్టించినాము. వాడు దానిని పూసల ప్రక్కనే సర్దుకొన్నాడు.