సౌజన్యారావు ఇంట్లో ఒక రాత్రి



అచ్యుతాపురం అనగానే ఇప్పుడు అందరికీ సెజ్ గేట్లు, షిఫ్టు బస్సులు గుర్తొస్తాయి. ఇక్కణ్ణించి యలమంచిలి దాటి వెళ్తే ఎస్.రాయవరం వస్తుంది. 1862లో గురజాడ అప్పారావు పుట్టిన ఊరది. కఠిన నీతి పాటించే క్రైస్తవులైన ప్యూరిటన్ల కథల మీద సభ ఈ ఊళ్లో ఏమిటని నవ్వుకున్నవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ఆ కథలు రాసిన నథానియల్ హాథార్న్‌ది అమెరికాలోని సేలం. 1692లో అక్కడ మంత్రగత్తెలనీ మంత్రగాళ్లనీ పేరు పెట్టి పందొమ్మిది మందిని ఉరి తీశారు. విచారణ చేసిన న్యాయాధికారుల్లో జాన్ హాథార్న్ ఈ రచయిత ముత్తాతకు తండ్రి. ఆ పాపం రచయితను వదల్లేదు. 1835లో అచ్చయిన ‘యంగ్ గుడ్‌మన్ బ్రౌన్’ కథలో కొత్తగా పెళ్లయిన కుర్రవాడు రాత్రివేళ అడవికి వెళ్తాడు. అక్కడ సైతాను కొలువులో తనకు చిన్నప్పుడు మతపాఠం చెప్పిన ముసలమ్మ, ఊరి పాదిరి, పెద్దమనుషులు కనిపిస్తారు. కలో నిజమో రచయిత తేల్చడు. తెల్లవారాక బ్రౌన్ ఎవర్నీ నమ్మలేడు, భార్యను కూడా. ఆవిడ పేరు ఫెయిత్, అంటే విశ్వాసం! దేవుడున్నాడా లేడా అన్న చర్చ ఆ కథలో ఎక్కడా లేదు. మంచివాళ్లనుకున్నవాళ్ల చీకటి ముఖం చూశాడు, నమ్మకం పోయింది.

1850 నాటి నవల ‘ద స్కార్లెట్ లెటర్’లో హెస్టర్ రొమ్ము మీద వ్యభిచారానికి గుర్తైన ఎర్రని ‘ఏ’ అక్షరంతో ఊరందరి ముందూ నిలబడుతుంది. నీతో తప్పు చేసిందెవరో చెప్పమని పైనుంచి ఆమెను అడిగే పాదిరి డిమ్స్‌డేల్, ఆ తప్పు చేసినవాడే.

మన దగ్గర ఆ ప్యూరిటన్ల నల్లకోటు వేసుకున్నది యాంటీ నాచ్ ఉద్యమం. భోగం మేళాలకు వెళ్లం, వాళ్ల మొహం చూడం అని పందొమ్మిదో శతాబ్దం చివర్లో చదువుకున్నవాళ్లు ఒట్లు పెట్టుకున్నారు. 1892లో విజయనగరంలో మొదట ఆడి, 1897లో అచ్చయి, 1909లో బాగా పెంచి తిరగరాసిన గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’లో ఆ ఒట్టుకు రెండు ముఖాలున్నాయి. మాటకారి గిరీశానికి అదొక కబుర్ల సరుకు. వకీలు సౌజన్యారావు పంతులికి నిజంగా వ్రతమే. చివరి అంకంలో వేశ్య మధురవాణి మగవేషంలో ఆయన ఇంటికొస్తుంది. ముసలి లుబ్ధావధాన్లను హత్యానేరం నుంచి బయటపడేసే రహస్యం ఆమె దగ్గరుంది. దానికి అడిగిన వెల ఒక ముద్దు. పాపం పంతులు, నీతి నిలుపుకోవాలా, మనిషిని కాపాడాలా? ఆయన నలిగి, చివరికి ఒప్పుకునే వేళకు ఆమే వెనక్కి తగ్గుతుంది. చెడనివాళ్లను చెడగొట్టవద్దని ఆమె తల్లి చెప్పిందట. ఆయన భగవద్గీత ఇస్తే, కృష్ణుడు యాంటీ నాచేనా అని ఆరా తీస్తుంది.

హాథార్న్‌కు ఈ నవ్వు చేతకాదు. అక్కడ ముసుగు తొలగితే బ్రౌన్‌లా జీవితాంతం కుమలాలి, లేదా డిమ్స్‌డేల్‌లా ప్రాణమే విడవాలి. గురజాడ వకీలు మాత్రం తన ఒట్టు ఎంత ఇరుకైనదో చూసుకుని బతికి బయటపడతాడు. సంస్కర్తల మీద వెటకారమే ఈ నాటకమని తీసిపారేసేవాళ్లు సౌజన్యారావును సరిగ్గా చదవలేదు. ఆయన్ను గురజాడ ఎగతాళి చేయలేదు, పరీక్షకు కూర్చోబెట్టాడు. పరీక్ష పెట్టింది మాత్రం వెలివేయాల్సిన మనిషి!

నీతిని పరీక్షకు పెట్టే అదే పని తర్వాత విశాఖ వకీలు రాచకొండ విశ్వనాథశాస్త్రి చేశారు. ఆయన ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధ చట్టం చుట్టూ తిరుగుతాయి. జనాన్ని బాగుచెయ్యడానికి వచ్చిన చట్టం పోలీసులకూ ప్లీడర్లకూ బతుకుతెరువైపోయింది. ‘మాయ’ కథలో సారా కేసు ముద్దాయి ముత్యాలమ్మ కుర్ర వకీలుకు ఈ లోకం తీరు విడమరిచి చెబుతుంది. అతను కోర్టు మీద పెట్టుకున్న నమ్మకం ఆ మాటలకు నిలవదు. బ్రౌన్‌కు అడవిలో ఒక రాత్రి పట్టింది, ఇక్కడ ఒక ఆడమనిషి నోరు చాలింది.

పత్రాలు చదవబోయే వారికి ఒక మనవి. హెస్టర్ దగ్గర ఎంతసేపు ఆగుతారో మధురవాణి దగ్గరా, ముత్యాలమ్మ దగ్గరా అంతసేపు ఆగండి. గంట కొట్టే బాధ్యత అధ్యక్షుడిదే అయినా, వాళ్లిద్దరి వంతు వచ్చినప్పుడు ఆయన గడియారం చూడడు.